నడినెత్తి ఎండకు ఏది అడ్డు?

ఏటా మే 9న, ఒక రోజు అటూ ఇటూగా, హైదరాబాద్‌లో మధ్యాహ్నం పన్నెండుంబావు కావస్తుండగా సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకు ఆ కాసేపు నీడే ఉండదు. తిరుపతిలో ఈ వింత ఏప్రిల్ చివరి వారంలోనే జరిగిపోతుంది. శ్రీకాకుళంలో అయితే హైదరాబాద్ కంటే ఇంకో మూడు నాలుగు రోజులు ఆగాలి. బడి పిల్లలు ఆవరణలో సీసాలు నిలబెట్టి, నీడ మాయమవడం చూసి కేరింతలు కొడతారు. ఇల్లు కట్టుకుని, ముందున్న కాస్త జాగాలో ఏం నాటాలా అని ఆలోచిస్తున్నవాళ్లు కూడా ఆ పూట బయటికొచ్చి చూడాలి. ఎండలు ముదిరిన ఆ వారాల్లో మధ్యాహ్నం గోడ నీడ అంటూ ఉండదు. ప్రహరీ ఎంత ఎత్తు లేపినా లాభం లేదు. తల మీద ఏదో ఒకటి అడ్డంగా పరుచుకుని ఉండాలి.

నర్సరీకి వెళ్లినవారి కళ్లు మాత్రం నేల మీదే నిలిచిపోతాయి. రాజమహేంద్రవరం పక్కన కడియం, కడియపులంక, వేమగిరి దారిలో వెళ్తే రోడ్డుకు రెండు వైపులా నర్సరీలే. తివాచీ ముక్కల్లా కోసి పేర్చిన పచ్చిక, పసుపు పూల వెడీలియా, ఊదారంగు ఆకుల రియో, నేలబారుగా అల్లుకునే మరెన్నో మొక్కలు అక్కడి నుంచి లారీలకెక్కి రాష్ట్రాలు దాటుతాయి. నాటిన రెండు నెలలకు నేల కనబడకుండా కమ్మేస్తాయి. వాటి పక్కనే నల్ల కవరులో ఓ కానుగ మొక్కో, వేప మొక్కో వేలెడు లావు కాండంతో నిలబడి ఉంటుంది. దాని నీడలో మంచం వేసుకోవాలంటే నాలుగైదేళ్లు ఆగాలి. ఉన్న జాగా కొద్ది, పోయగల నీళ్లు కొద్ది. రెండింటిలో ఒకటే అన్నప్పుడు చాలామంది చేయి నేల మొక్క వైపే వెళ్తుంది. గృహప్రవేశం నాటికి ఇంటి ముందు పచ్చగా ఉండాలని ఎవరికుండదు?

పచ్చగా కనబడేదల్లా చల్లగా ఉంటుందనుకోవడంలో చిక్కు ఉంది. ఎండలో నిలబడ్డ మనిషికి వేడి రెండు దారుల్లో తగులుతుంది. ఒకటి చుట్టూ ఉన్న గాలి. రెండోది నేరుగా సూర్యుడి నుంచి, కాగిన గోడల నుంచి, సిమెంటు నేల నుంచి ఒంటి మీద పడే సెగ. చెట్టు కింద గాలి వేడిని మామూలు థర్మామీటరుతో కొలిస్తే బయటికంటే ఒకటి రెండు డిగ్రీలు, మహా అయితే మూడు డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. ఇంతేనా అనిపిస్తుంది. కానీ మే నెలలో ఎర్రటి ఎండ నుంచి వేపచెట్టు కిందికి అడుగుపెట్టిన మనిషికి కలిగే హాయి ఆ రెండు డిగ్రీలది కాదు. తల మీద పడుతున్న సెగ ఒక్కసారిగా తెగిపోయింది. సెగను కూడా లెక్కలోకి తీసుకోవడానికే వాతావరణ శాస్త్రజ్ఞులు నల్లరంగు వేసిన గోళంలో థర్మామీటరు పెట్టి కొలుస్తారు. ఆ గోళాన్ని ఎండలోంచి నీడలోకి మారిస్తే అంకె ఎంత దిగుతుందో చూసినవాళ్లు చెట్టును అలంకారమని ఇంకెప్పుడూ అనరు.

నేలను కప్పే మొక్క ఈ పని చేయలేదు. అది చేసేది వేరే పని, అదీ మంచిదే. ఆకుల నుంచి తేమ ఆవిరవుతుంది కనుక పచ్చిక మీద పాదం మోపితే చల్లగా ఉంటుంది. సిమెంటులా అది రాత్రిదాకా వేడిని దాచుకోదు. సాయంత్రం ఆరు తర్వాత పచ్చిక పక్కన కూర్చుంటే తేడా తెలుస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు మాత్రం పచ్చిక మధ్యలో నిలబడ్డ తోటమాలి నెత్తి బండ మీద నిలబడ్డ మనిషి నెత్తి లాగే కాలుతుంది.

ఇది సుఖానికి సంబంధించిన మాట మాత్రమే కాదు. 2015 మే చివర్లో వచ్చిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ముసలివాళ్లు, ఎండలో పని తప్పని కూలీలు. బస్టాపు దగ్గర, చెరువు పని దగ్గర, కొట్టు ముందు ఓ కానుగో రావో ఉండడం ప్రాణానికి సంబంధించిన విషయమని ఆ వేసవి చెప్పింది. ప్రహరీ లోపల నాటిన చెట్టు కొమ్మ రోడ్డు మీదికి వాలితే దాని కింద కూరగాయల బండి ఆగుతుంది, సైకిలు మీద వచ్చినాయన కాలు కింద పెట్టి చెమట తుడుచుకుంటాడు. పచ్చిక ఎంత అందంగా ఉన్నా గేటు లోపలే ఉండిపోతుంది.

ఏడాది పొడవునా పచ్చగా ఉంటుందని నేల మొక్కకు చెప్పే గొప్ప అసలు చలిదేశాల తోటలది. అక్కడ మంచు కురిసే నెలల్లో చాలా చెట్లు మోడులవుతాయి, నేల మట్టిరంగులోకి తిరుగుతుంది. ఆ దిగులు రోజుల్లో కూడా ఆకు వదలని ఐవీ, పాకిసాండ్రా లాంటి నేల మొక్కలంటే అక్కడివారికి అంత మక్కువ అందుకే. మనకు మంచు కాలం లేదు. మన దగ్గర నేల చచ్చిపోయే కాలం ఎండాకాలం. ఏడాదంతా పచ్చగా ఉంటుందా అని ఏ మొక్కనైనా అడగాల్సింది రోహిణి కార్తెలో, అదీ నీళ్లు పోయకుండా.

అలా అడిగితే జవాబు చెప్పేది చెట్టే. వేప మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాలుస్తుంది. చూసేవాళ్లకు ఎండిపోతోందేమో అనిపిస్తుంది. ఉగాది వచ్చేసరికి లేత ఎరుపు చిగుళ్లు, పచ్చడిలోకి పువ్వు సిద్ధం. కానుగ కూడా అంతే. వేసవి ముదరకముందే పాత ఆకు దులిపేసుకుని, నూనె రాసినట్టు మెరిసే కొత్త ఆకు తొడుగుతుంది. వాన చుక్క పడని రోజుల్లో, నేల నెర్రెలిచ్చిన రోజుల్లో వాటికి కొత్త ఆకు వేసుకునే బలం లోతుకు దిగిన వేళ్ల నుంచి వస్తుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గట్టిగా పడని అనంతపురం నేలల్లో పొలం గట్టు మీద వేపచెట్టు ఎవరూ నీళ్లు పోయకుండానే నిలబడుతుంది.

పచ్చికకు ఆ వేళ్లు లేవు. దాని దాహం పైపు తీర్చాలి. లెక్క వేయడం కష్టమేమీ కాదు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. వేసవిలో పచ్చిక రోజుకు 5 మిల్లీమీటర్లు తాగుతుందని తక్కువలో తక్కువ వేసుకున్నా, వంద గజాల పచ్చికకు రోజుకు 400 లీటర్లు దాటుతాయి. నెలకు పన్నెండు వేల పైచిలుకు. హైదరాబాద్‌లో 2021 నుంచి ఒక ఇంటికి నెలకు ఉచితంగా ఇస్తున్న మంచినీళ్లు 20,000 లీటర్లు. ఆ పక్కన ఈ అంకె పెట్టి చూస్తే, ఒక కుటుంబం తాగి, వండుకుని, స్నానాలు చేయాల్సిన నీటిలో సగానికి పైగా గడ్డి తాగేస్తోంది. బోరు ఉందిగా అనేవాళ్లు మే నెలలో ట్యాంకరు కోసం ఫోను చేసే వీధులు ఈ నగరంలో ఎన్నో ఉన్నాయి.

పాత తెలుగు లోగిలికి పచ్చిక తెలియదు. వాకిట్లో వేపచెట్టు, దాని కింద నులక మంచం, మిగిలిందంతా ఊడ్చి పేడకళ్లాపి చల్లి ముగ్గు పెట్టిన మట్టి నేల. ఆ బోడి నేలకు బలమైన కారణం ఉంది. పామో తేలో వస్తే దూరం నుంచే కనబడాలి. వడ్లు ఆరబోయడానికి, పిల్లలు ఆడుకోవడానికి, పెళ్లికి పందిరి వేయడానికి నేల ఖాళీగా కావాలి. పచ్చిక బయళ్లు బంగళాల వెంట వచ్చాయి, తర్వాత పార్కుల్లోకి, ఆ తర్వాత ఇళ్ల బొమ్మలతో వచ్చే రంగురంగుల ప్రకటనల్లోకి వచ్చాయి. పాత వాకిలి తెలివిని తీసిపారేయడం తప్పు. అయితే ఆ వాకిలి ఇప్పుడు లేదు. కళ్లాపి చల్లే మట్టి పోయి టైల్సు, సిమెంటు వచ్చాయి. నేల ఊపిరి పూర్తిగా మూసుకుపోయింది. నేల మొక్క వైపు నుంచి మాట్లాడాల్సింది ఇక్కడే.

ఏ కప్పూ లేని మట్టి మే మధ్యాహ్నం 50 డిగ్రీలు దాటి కాగుతుంది. పైపొరలో బతికే వానపాములు, సూక్ష్మజీవులు లోపలికి పోతాయి, లేదా చస్తాయి. తొలకరి చినుకు ఎత్తు నుంచి బోడి నేల మీద పడినప్పుడు మట్టి కణాలు చెదిరి, సందులన్నీ పూడి, పైన పెచ్చు కడుతుంది. ఆ తర్వాత పడిన వాన లోపలికి ఇంకదు, ఎర్రగా పారి కాలవలోకి పోతుంది. నేలను కప్పిన ఆకు ఏదైనా ఈ రెండు చేట్లనూ ఆపుతుంది. చినుకు ఆకు మీద పడి జారుతుంది, వేళ్ల వెంట మట్టిలోకి దిగుతుంది. చెట్టుకు ఇది ఎంత మేలో చెప్పనలవి కాదు. చెట్టు వేళ్లన్నీ పాతాళంలోకే వెళ్తాయని చాలామంది అనుకుంటారు. లోతుకు వెళ్లేవి కొన్నే. తిండి తెచ్చే సన్న వేళ్లలో ఎక్కువ భాగం పైన రెండడుగుల మట్టిలోనే, కొమ్మల గొడుగు దాటి కూడా పరుచుకుని ఉంటాయి. చెట్టు మొదట్లో సిమెంటు పోయడమంటే వాటికి నీరూ గాలీ అందకుండా చేయడమే. ఢిల్లీలో చెట్ల చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఆదేశించింది ఇందుకే. మన ఊళ్లలో రచ్చబండ చుట్టూ, గుడి ముందు రావిచెట్టు చుట్టూ భక్తితో బిగించే గ్రానైటు పలకలకు కూడా ఆ ఆదేశంలోని నీతి వర్తిస్తుంది.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. మూడెకరాలకు పైగా పరుచుకున్న ఆ మర్రిలో చెద పట్టి కొమ్మలు కూలడం మొదలైంది. 2017 చివర్లో సందర్శకులను ఆపేశారు. 2018లో అటవీ శాఖ సిబ్బంది సెలైన్ సీసాలు వేలాడదీసి, కాండంలోకి చుక్కచుక్కగా చెదమందు ఎక్కించిన ఫొటోలు దేశమంతా తిరిగాయి. మందుతోపాటు ఊడలకు ఆసరా కట్టారు, మొదళ్లలో మట్టి వేశారు. శతాబ్దాల చెట్టు కూడా తన కింద ఉన్న నేల బాగుంటేనే బాగుంటుంది.

కాబట్టి చెట్టా, నేల మొక్కా అని తూచేటప్పుడు ఒకటి ముందు, రెండోది దాని వెంట అనుకోవాలి. నీడ ముందు స్థిరపడాలి. ఆ నీడలో ఏది బతుకుతుందో అదే నేలకు తగిన మొక్క. తిరగేసి చేస్తే, అంటే ముందు పచ్చిక పరిచి తర్వాత దాని మధ్యలో చెట్టు పెడితే, రెండూ పోట్లాడుకుంటాయి. గరిక జాతి పచ్చికకు నిండు ఎండ కావాలి. చెట్టు ఎదిగేకొద్దీ దాని కింద గడ్డి పలచబడి, పాలిపోయి, చివరకు మట్టి బయటపడుతుంది. అప్పుడు ఇంటివాళ్లు గడ్డి కోసం కొమ్మలు నరికిస్తారు. నగరాల్లో ఎన్నో చెట్లు ఇలా మొండెంగా నిలబడి ఉన్నాయి.

కోనసీమలో ఈ వరస ఎప్పుడో కుదిరింది. కొబ్బరి ఆకుల సందుల్లోంచి దిగే సగం వెలుతురులో కోకో, అరటి, దాని కింద కంద, పసుపు. ఒక్కో ఎత్తులో ఒక్కో పంట, నేల ఎక్కడా బోసిగా ఉండదు. తెలంగాణ రాష్ట్ర వృక్షమైన జమ్మి ఇంకో తీరు. దాని సన్నని ఆకు పలచటి నీడ ఇస్తుంది. రాజస్థాన్ రైతులు పొలంలో జమ్మిని కొట్టకుండా దాని కిందే సజ్జ పండిస్తారు. చింత దీనికి పూర్తిగా ఎదురు. దాని చిక్కటి నీడలో, రాలిన పులుపు ఆకులో ఏదీ మొలవడానికి ఇష్టపడదు. ఏ చెట్టు నీడ ఎంత చిక్కనో తెలియకుండా కింద ఏం వేయాలో ఎవరూ చెప్పలేరు.

ఇంటి జాగాలో ఇది ఇలా ఉండవచ్చు. మొదటి మూడు నాలుగేళ్లు కానుగ మొక్క చిన్నది, ఎండ నిండుగా పడుతుంది. అప్పటికి బొక్కెనాకు చాలు. చెరువు గట్ల మీద, కాలవ అంచుల్లో దానంతటదే పాకే మొక్క అది. చిన్న ఆకు, తెలుపూ లేత ఊదా కలిసిన బుల్లి పూలు, వాటి మీద ఎప్పుడూ తేనెటీగలు, సీతాకోకచిలుకలు. నేలకు అంటుకుని పాకుతుంది కనుక పాము భయం లేదు. అప్పుడప్పుడూ తొక్కినా ఓర్చుకుంటుంది. నీడ చిక్కబడ్డాక అది అంచుకు జరిగిపోతుంది. అప్పుడు చెట్టు కింద వాము ఆకు, తేమ ఉన్న మూలలో సరస్వతి ఆకు, అంచుల్లో పొన్నగంటి కూర వేసుకోవచ్చు. బజ్జీలకూ పప్పులోకీ అక్కరకొచ్చే ఆకులే నేలను కప్పితే ఇంతకంటే ఏం కావాలి? రాలిన కానుగాకును ఊడ్చి తగలబెట్టాల్సిన పని కూడా తప్పుతుంది. వరి మళ్లలో తొక్కించి ఎరువు చేసుకున్న ఆకు అది. మొక్కల సందుల్లో పడి అక్కడే మట్టిలో కలుస్తుంది.

వెడీలియాను మాత్రం ఇంటికి తేకపోవడం మేలు. నర్సరీలో అడగకముందే చేతిలో పెట్టే మొక్క అది. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి వచ్చింది. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ చేటు చేస్తున్న 100 దురాక్రమణ జాతుల జాబితాలో ఉంది. కణుపు కణుపుకూ వేరు దిగుతుంది, తుంచి పారేసిన ముక్క కూడా బతుకుతుంది. గోడ దాటి కాలవ గట్టుకు చేరితే అక్కడి బొక్కెనాకును, పొన్నగంటిని తొక్కేసి తానే రాజ్యమేలుతుంది.

చెట్లలో మాత్రం అన్నీ మంచివేనా? కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నంలో చెట్లను వేళ్లతో సహా పెకిలించింది. పచ్చటి ఊరు ఒక్క పగటిలో బోడిదైపోయింది. ఆ తర్వాత త్వరగా పెరుగుతుందని, పశువులు తినవని వీధుల నిండా ఏడాకులపాల నాటారు. అవి ఎదిగి, శీతాకాలం ముందు గుత్తులుగా పూసే రాత్రుల్లో ఆ ఘాటుకు తలనొప్పి, ఊపిరాడకపోవడం అంటూ జనం గొడవపెట్టారు. నగరాల డివైడర్ల మధ్య కోనోకార్పస్ కథ ఇంకా తాజాది. ఏడాదంతా పచ్చగా, కత్తిరించిన గోడలా ఉంటుంది. నీడ మాత్రం ఎవరికీ పడదు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడం నిషేధించింది. పచ్చగా కనబడితే చాలనుకుని చెట్టును ఎంచుకుంటే జరిగేది ఇదే. అది చెట్టు రూపంలో ఉన్న పచ్చిక. గుల్‌మొహర్ లాంటి పెళుసు కొమ్మల చెట్లు ఈదురుగాలికి కార్ల మీద విరిగిపడతాయి. రావి, మర్రి వేళ్లు ప్రహరీని చీలుస్తాయి. చిన్న జాగాలో అవి వద్దు, చెరువు గట్టే వాటి చోటు.

వేపకూ కష్టం వచ్చింది. 2021లో తెలంగాణ జిల్లాల్లో వేపచెట్లు పెద్దఎత్తున కొసల నుంచి మాడిపోయాయి. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు టీ దోమ అనే పురుగు. చూసినవాళ్లు వేప జాతే పోతుందేమోనని భయపడ్డారు. వానలు పడ్డాక వాటిలో చాలా చెట్లు మళ్లీ చిగుర్చాయి. వీధంతా ఒకే జాతి ఉండకూడదని మాత్రం ఆ తెగులు నేర్పింది. ఎదురింట్లో వేప ఉంటే ఈ ఇంట్లో పొగడ పెట్టుకోవడం బాగుంటుంది. నెమ్మదిగా పెరుగుతుంది, ఆకు మొత్తంగా రాల్చదు, ఇంటి మీద పడేంత ఎత్తు తొందరగా ఎదగదు, పూసిన ఉదయాల్లో వాకిలంతా పరిమళం.

చెట్టు ఎటువైపు అన్న ప్రశ్నకు వాస్తు, సూర్యుడు ఒకే మాట చెబుతాయి. బరువైన చెట్లు దక్షిణ, పడమర దిక్కుల్లో ఉండాలని వాస్తు చెబుతుంది. గోడలను అసలు కాల్చేది మధ్యాహ్నం రెండు దాటాక పడమటి నుంచి వాలుగా వచ్చే ఎండ. ఆ గోడకు పది పన్నెండడుగుల ఎడంలో కానుగ ఉంటే, రాత్రి ఆ గదిలో పడుకునేవారికి ఫ్యాను గాలి చల్లగానే తగులుతుంది.

అసలు చిక్కు అపార్ట్‌మెంట్లలో. చాలా చోట్ల ప్రహరీ నుంచి ప్రహరీదాకా సెల్లారు తవ్వేస్తున్నారు. పైన కనబడే పార్కు నేల కాదు, స్లాబు. దాని మీద అడుగో అడుగున్నరో మట్టి పోసి పచ్చిక పరుస్తారు. ఆ మట్టిలో వేప బతకదు, బతికినా నిలవదు. అలాంటి చోట నేల మొక్క తప్ప ఇంకో దారి లేదు. అప్పుడు కూడా తక్కువ నీటితో గడిచే బొక్కెనాకునో, వాము ఆకునో ఎంచుకోవచ్చు. చెట్టుకు చోటు మాత్రం నక్షా గీసేటప్పుడే దొరకాలి, తర్వాత దొరకదు. ఫ్లాటు చూడ్డానికి వెళ్లినవారు పార్కింగు ఎక్కడ, లిఫ్టులు ఎన్ని అని అడుగుతారు. సెల్లారు స్లాబు ప్రహరీకి ఎంత దూరంలో ఆగింది, మిగిలిన ఆ పట్టీలో కింద మట్టే ఉందా, పడమటి వైపు ఎన్ని అడుగులు వదిలారు అని కూడా అడగాలి. పది అడుగులు వదిలినా కానుగలూ పొగడలూ వరసగా నిలుస్తాయి. ఇప్పుడు తొలకరికి నాటితే, ఆ ఇంట్లో ఈ ఏడు ఒకటో తరగతిలో చేరిన పిల్లలు పదో తరగతి పరీక్షలకు వాటి కింద కూర్చుని చదువుకోవచ్చు.